బండెడన్నం, రెండు దున్నలు, ఒక వంతు

(చిందుల ఎల్లమ్మ స్మృతిలో బోధన్‌లో చేసిన ఉపన్యాసం)



చిందుల ఎల్లమ్మ ఈ మండలం మనిషి. అమ్దాపూర్ ఆమె ఊరు. చిన్ననాడే కాలికి గజ్జె కట్టి, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ విప్పని కళాకారిణి. పట్నాల నాటక సమాజాలు ఆడవేషానికి మగవాళ్ళను వెతుక్కున్న రోజుల్లో కూడా చిందు మేళంలో ఆడవాళ్ళు ఆడారు, పాడారు, మగ వేషాలూ కట్టారు. ఆ సంప్రదాయానికి మన కాలంలో అందరికీ తెలిసిన పేరు ఎల్లమ్మది. ఆమె ఎల్లమ్మ దేవత వేషంతో బయటికి వస్తే జనం నటిని చూసినట్టు చూడలేదు, చేతులెత్తి మొక్కారు.

చిందు ఆట రాత్రంతా చూసినవారు ఈ సభలో చాలామందే ఉంటారు. పొణికి కర్రతో చెక్కిన కిరీటం, భుజకీర్తులు. అవి చూడటానికి బరువు, మోయడానికి తేలిక. ముఖానికి అర్దళం పసుపు, దాని మీద నల్లటి గీతలు. రాక్షస వేషం వచ్చే ముందు ఇద్దరు మనుషులు అడ్డంగా తెర పడతారు. వేషం కనపడదు. తెర వెనక గజ్జెల చప్పుడు, ఒక కేక, తెర పైఅంచున కిరీటం కొస. ముందు కూర్చున్న పిల్లలు అప్పటికే తల్లుల కొంగుల్లోకి దూరిపోతారు. కాసేపటికి అదే జాగాలోకి నవ్వించే వేషం, బుడ్డర్‌ఖాన్ వస్తాడు. ఇందాక ఏడ్చిన పిల్లలే పొట్ట పట్టుకొని నవ్వుతారు. మద్దెల అదే, దీపం అదే, రాత్రి అదే.

జానపద కళాకారిణి స్మృతిలో దెయ్యాల సినిమాల గురించి మాట్లాడటమేమిటని కొందరికి అనిపించవచ్చు. భయాన్ని, నవ్వును ఒకే రాత్రిలో, తక్కువ ఖర్చుతో నడిపిన విద్య ఎల్లమ్మది. ఈనాడు ఆ పనిని నెత్తికెత్తుకున్నది చిన్న బడ్జెట్ హారర్ కామెడీ. అందుకే ఈ విషయం. అందులోనూ ఒక పురాణ జీవి మన ఊరి పేరుతో ముడిపడి ఉంది. వాడే బకాసురుడు.

1

బోధన్ ఏకచక్రపురమని ఈ ఊళ్ళో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. ఏకచక్రేశ్వరాలయం మన మధ్యనే ఉంది. అశ్మక జనపదానికి రాజధాని అయిన పోదనం ఇదేనని చరిత్రకారులంటారు. బాహుబలి ఏలిన పోదనపురం ఇదేనని జైన సంప్రదాయం. బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో కూడా ఒక ఏకచక్ర ఉంది, వారి నమ్మకం వారిది. ఆ తగవు తీర్చడం ఈ సభ పని కాదు. ఒక కథ మా నేల మీదే జరిగిందని ఒక ఊరు తరతరాలుగా చెప్పుకుంటే ఆ కథను బాగా చదవవలసిన బాధ్యత ఆ ఊరికి ఉంటుంది. అందుకని కథలోకి పోదాం.

వ్యాసభారతం ఆదిపర్వంలో బకవధ ఘట్టం. లక్క ఇంటి నుంచి బయటపడ్డ పాండవులు ఏకచక్రపురంలో ఒక బ్రాహ్మణుడి ఇంట తలదాచుకుంటారు. పగలు భిక్షకు పోవడం, సాయంత్రం తెచ్చింది తల్లి ముందు పెట్టడం. కుంతి ఆ అన్నాన్ని రెండు భాగాలు చేస్తుంది. సగం భీముడికి, మిగతా సగం అందరికీ. రాక్షసుడి మాట ఇంకా రాలేదు, కథలోకి ఆకలి ముందే వచ్చింది. ఇది గుర్తుపెట్టుకోండి.

ఒకరోజు ఆ ఇంట్లో ఏడుపు వినపడుతుంది. ఊరి బయట బకుడు ఉన్నాడు. వాడికి ఇంటికో వంతు చొప్పున బండెడన్నం, రెండు దున్నలు, వాటిని తోలుకుపోయిన మనిషి ఆహారంగా వెళ్ళాలి. వంతు చాలా ఏళ్ళకొకసారి వస్తుంది, వచ్చిందంటే తప్పదు. తప్పించుకోబోతే మొత్తం కుటుంబాన్నే తినేస్తాడు. ఈ తిండికి బదులుగా వాడు ఆ సీమను ఇతర శత్రువుల నుంచి కాపాడతాడు. రాజు ఉన్నాడు గాని చేతకానివాడు. అంటే ఇది దాడి కాదు, ఒక ఏర్పాటు. అందరూ ఒప్పుకొని బతుకుతున్న ఏర్పాటు. ఈ కథలోని అసలు భయం ఇక్కడే ఉంది. కోరలు, గోళ్ళు తర్వాతి సంగతి.

ఇంట్లో వాదులాట మొదలవుతుంది. నేను పోతానని తండ్రి, కాదు నేనని తల్లి, నన్ను పంపండని కూతురు. ఎవరి తర్కం వారిది, అందరి కళ్ళలో నీళ్ళు. అప్పుడు ఇంకా మాటలు సరిగా రాని చిన్న పిల్లాడు ఒక గడ్డిపరక పట్టుకొని వస్తాడు. ఒక్కొక్కరి దగ్గరికి పోయి ఏడవొద్దంటాడు. మనుషుల్ని తినే ఆ రాక్షసుణ్ణి ఈ పరకతో చంపేస్తానంటాడు. అంత దుఃఖంలోనూ వాళ్ళకు సంతోషం కలిగిందని వ్యాసుడు చెబుతాడు.

ఈ ఒక్క చోట కాస్త ఆగాలి. చావు గడప దాకా వచ్చిన ఇల్లు, అందులో ఒక గడ్డిపరక, దాన్ని చూసి వచ్చిన నవ్వు. ఆ నవ్వు భయాన్ని తగ్గించలేదు. ఆ పిల్లాణ్ణి చూసి నవ్విన మరుక్షణం, రేపు వీడు అనాథ అవుతాడేమోనన్న బెంగ రెట్టింపు అవుతుంది. హారర్ కామెడీ అని మనం ఇంగ్లీషు పేరుతో పిలుచుకునే ప్రక్రియకు ఇంతకన్నా పాత ఉదాహరణ, ఇంతకన్నా మంచి ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు.

2

భీముడు బండి తోలుకొని పోతాడు. అడవిలో బకుణ్ణి పేరు పెట్టి పిలుస్తాడు. పిలిచి, వాడికి తెచ్చిన అన్నం తాను తినడం మొదలుపెడతాడు. బకుడు వస్తాడు. తన తిండి వేరొకడు తింటుంటే చూసి మండిపోయి వెనకనుంచి రెండు చేతులతో వీపు మీద బాదుతాడు. భీముడు తిరిగి కూడా చూడడు. బకుడు చెట్టు పీకి తెస్తాడు. భీముడు అప్పుడూ తింటూనే ఉంటాడు. బండి ఖాళీ చేసి, చేతులు కడుక్కొని, తీరిగ్గా లేచి, విసిరిన చెట్టును ఎడమ చేత్తో పట్టుకుంటాడు. ఆ తర్వాత యుద్ధం. చివరికి బకుడి నడుము విరుస్తాడు.

ఈ దృశ్యంలో నవ్వు భీముడి చమత్కారం వల్ల వచ్చింది కాదు, అతను ఒక్క చతురోక్తి కూడా ఆడలేదు. ఊరంతా ఏళ్ళ తరబడి వణుకుతూ పాటించిన నియమాన్ని ఒకడు తలకిందులు చేశాడు. బండి రాక్షసుడి కోసం, తిన్నది మనిషి. బండి తెచ్చినవాడు ఆహారం కావాలి, ఆహారమే లేచి బండిని తినేసింది. నియమం ఎంత గట్టిగా మనకు ముందు తెలిసిందో నవ్వు అంత గట్టిగా వస్తుంది.

మన తెలుగు సినిమా ఈ రహస్యాన్ని 1957లోనే పట్టుకుంది. కె.వి. రెడ్డి ‘మాయాబజార్’లో ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడు పెళ్ళివారి కోసం వండిన వంటకాల ముందు కూర్చుంటాడు. పళ్ళేలు వాటంతటవే కదిలి వస్తాయి, లడ్డూలు ఎగిరి నోట్లో పడతాయి. భీముడి కొడుకు తండ్రి పనే చేస్తున్నాడు. ఆయన రాక్షసుడే, గద ఉంది, శరీరం పెంచగలడు. అయినా ఆ దృశ్యం చూసి జడుసుకున్న పిల్లాడు తెలుగునాట ఉండడు. ఇక్కడ భయం పూర్తిగా తప్పుకొని నవ్వు ఒక్కటే మిగిలింది. అది వేరే దారి, గొప్ప దారి. మనం ఇవాళ మాట్లాడుకునేది రెండూ మిగిలే దారి.

3

ఈ ఉపన్యాసం చెప్పదలచిన మాట ఇది. పురాణ జీవికి ప్రాణం దాని రూపంలో ఉండదు, దాని నియమంలో ఉంటుంది. అది ఎప్పుడు వస్తుంది, ఏం అడుగుతుంది, ఎవరి వంతు, తప్పితే ఏమవుతుంది. ఈ నాలుగూ తెలిస్తే ప్రేక్షకుడు తనంతట తాను భయపడతాడు. ఆ నాలుగింటిలో ఒకదాన్ని తిప్పితే తనంతట తాను నవ్వుతాడు. నియమానికి ఖర్చు ఉండదు గనుకనే ఈ ప్రక్రియ చిన్న సినిమా చేతికి చిక్కింది.

గోడల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసిన రోజులు నడివయసు దాటిన వారందరికీ గుర్తే. రాత్రిపూట ఒక ఆడ దెయ్యం తెలిసిన గొంతుతో తలుపు దగ్గర పిలుస్తుంది, పలికితే అంతే. తలుపు మీద ఆ నాలుగు మాటలు ఉంటే చదువుకొని వెనక్కి పోతుంది, మర్నాడు మళ్ళీ వచ్చి మళ్ళీ చదువుకుంటుంది. కర్ణాటకలో ఇదే ‘నాళె బా’. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా, ఒక సుద్దముక్కతో ఊళ్ళకు ఊళ్ళను వణికించిన కథ ఇది. ఆ దెయ్యాన్ని చూసినవారు లేరు. చూడాల్సిన అవసరమూ రాలేదు.

ఆ పేరుతోనే 2016లో అశోక్ రెడ్డి తెలుగులో ఒక చిన్న సినిమా తీశారు. రెండేళ్ళకు, 2018 ఆగస్టులో, హిందీలో ‘స్త్రీ’ వచ్చింది. దర్శకుడు అమర్ కౌశిక్. కథ రాసి, నిర్మాణంలో పాలుపంచుకున్నది మన తెలుగువాళ్ళు, రాజ్ నిడిమోరు, కృష్ణ డి.కె. తిరుపతిలో ఇంజనీరింగ్ చదివి, అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసి, అక్కడే సొంతంగా ‘ఫ్లేవర్స్’ తీసి సినిమాలోకి వచ్చినవారు. కథను మధ్యప్రదేశ్‌లోని చందేరీకి తీసుకుపోయారు. ఆ సినిమాలో దెయ్యం మగవాళ్ళను ఎత్తుకుపోతుంది, ఒంటి మీది బట్టలు మాత్రం వదిలేస్తుంది. దాంతో చీకటిపడితే మగవాళ్ళు గడప దాటరు. తోడు లేకుండా బయటికి పోవద్దన్న జాగ్రత్త, తొందరగా ఇంటికి రమ్మన్న వేడుకోలు, ఇన్నాళ్ళూ ఆడపిల్లలకు చెప్పినవన్నీ మగవాళ్ళ నోట వినపడతాయి.  ఆ సినిమా వంద కోట్ల వసూళ్ళు దాటింది. గోడ మీది రాత చదివి వెనక్కి పోతుంది గనుక ఆ దెయ్యానికి చదువు వచ్చు, మాట వినే గుణమూ ఉందని సినిమాలో ఒక పాత్ర తర్కిస్తుంది. నియమాన్ని మనసుపెట్టి చదివినవాడికే తట్టే హాస్యం అది.

4

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. విద్యార్థులు దీనికోసమే వచ్చి ఉంటారు.

అమెరికాలో శామ్ రైమీ అనే ఇరవై ఏళ్ళ కుర్రాడు స్నేహితులతో కలిసి, స్థానిక వ్యాపారుల దగ్గర చందాల్లాగా డబ్బు పోగుచేసి, టెన్నెసీ అడవిలోని ఒక పాత ఇంట్లో ‘ఈవిల్ డెడ్’ తీశాడు. అది 1981లో జనం ముందుకొచ్చింది. అడవిలోని దుష్టశక్తి ఎలా ఉంటుందో చూపడానికి డబ్బు లేదు. కెమెరాను ఒక చెక్కకు బిగించి, దాన్ని చెరో వైపు పట్టుకొని అడవిలో పరుగెత్తారు. ఇప్పుడు ప్రేక్షకుడే ఆ శక్తి కళ్ళతో చూస్తున్నాడు. చిందు ఆటలో తెర పట్టుకున్న ఇద్దరు చేసిన పనీ అదే, వేషాన్ని దాచి చూసేవాడి ఊహకు పని చెప్పడం. మన దగ్గర రామ్‌గోపాల్ వర్మ 1992లో ‘రాత్రి’లో కెమెరా కదలికతోనే ఇంట్లో ఎవరో ఉన్నారనిపించారు.

తెలుగులో చిన్న హారర్ కామెడీల వెల్లువ 2013లో ‘ప్రేమకథాచిత్రమ్’తో మొదలైంది. మారుతి కథ, జె. ప్రభాకర్ రెడ్డి దర్శకత్వం. చావడానికని ఒక ఫామ్‌హౌస్‌కు పోయిన మనుషులు అక్కడ దెయ్యం కనపడగానే ప్రాణభయంతో పరుగులు తీస్తారు. ఒకే ఇల్లు, కొద్దిమంది నటులు. 2017లో మహి వి. రాఘవ్ ‘ఆనందో బ్రహ్మ’లో దెయ్యాలే మనుషులను చూసి హడలిపోయాయి. రేచీకటి ఉన్నవాడికి దెయ్యం కనపడదు, తాగినవాడికి కనపడినా లెక్కలేదు, పాపం ఆ దెయ్యాలు ఎవరిని భయపెట్టాలి? 2025 మేలో ప్రవీణ్ కండ్రేగుల తీసిన ‘శుభం’లో రాత్రి తొమ్మిది కాగానే ఇళ్ళలోని ఆడవాళ్ళు టీవీ సీరియల్ ముందు పూనకం వచ్చినట్టు మారిపోతారు. గడియారం తొమ్మిది కొట్టడమే అక్కడ నియమం. ఈ దర్శకుడే అంతకుముందు, 2021లో, రాజ్, డి.కె.ల నిర్మాణంలో ‘సినిమా బండి’ తీశారు. ఆటో తోలే ఒకతనికి కెమెరా దొరికితే ఊరంతా కలిసి సినిమా తీయబోవడం దాని కథ. తక్కువ ఖర్చుతో ఎంత చేయవచ్చో నేర్చుకోవడానికి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని చూడండి.

వెల్లువలో చెత్త కూడా కొట్టుకొచ్చింది. తలుపు కిర్రుమనడం, జుట్టు విరబోసుకున్న తెల్లచీర, చెవులు పగిలే నేపథ్య సంగీతం. ఆ దెయ్యాలకు ఏం కావాలో వాటికే తెలియదు. నియమం లేని దెయ్యం మొదటి అరగంటలో ఉలిక్కిపడేలా చేస్తుంది, ఆ తర్వాత విసుగు తెప్పిస్తుంది. హాస్యనటుడు ఎంత శ్రమపడ్డా తిప్పడానికి అక్కడ నియమమే ఉండదు.

5

ఇప్పుడు మన బకాసురుడి దగ్గరికి రావచ్చు. 2025 ఆగస్టు 8న ‘బకాసుర రెస్టారెంట్’ అనే చిన్న సినిమా విడుదలైంది. దర్శకుడు ఎస్.జె. శివ. పన్నెండేళ్ళ కిందట ‘ప్రేమకథాచిత్రమ్’లో హీరో స్నేహితుడిగా కనపడ్డ ప్రవీణ్ ఇందులో ప్రధాన పాత్ర. సొంతంగా రెస్టారెంట్ పెట్టాలని కలగనే ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అతని స్నేహితులు, డబ్బు కోసం యూట్యూబ్‌కు దెయ్యాల వీడియోలు తీయడం, అందులోంచి తీరని ఆకలి ఉన్న ఒక ఆత్మ వాళ్ళ మధ్యకు రావడం. ఆ ఆత్మ పేరు బక్కసూరి, వేసింది వైవా హర్ష.

ఈ సినిమాకు ఒక విషయంలో మనసారా మెప్పు చెప్పాలి. దెయ్యానికి పగ కాకుండా ఆకలి ఇచ్చింది. తెలుగు తెర మీద దెయ్యమంటే చాలావరకు పగే. చంపినవాణ్ణి చంపగానే కథ ముగుస్తుంది. ఆకలి అలా ముగిసేది కాదు, ఇవాళ పెడితే రేపు మళ్ళీ వేస్తుంది. పగ ఒకరి మీద ఉంటుంది, ఆకలి వేసినవాడు ఎదురుగా ఎవరున్నా చూడడు. పైగా రెస్టారెంట్ పెట్టాలనుకునే మనిషి ఇంటికే ఎంత తిన్నా ఆకలి తీరని దెయ్యం రావడం మంచి ఎత్తుగడ. వడ్డించేవాడి కల, తినేవాడి శాపం ఎదురెదురుగా కూర్చున్నాయి.

లోటు కూడా చెప్పుకోవాలి. ఆకలి ప్రధానంగా ఆ స్నేహితుల మధ్యే తిరిగింది. బకాసురుడి పేరు తీసుకున్నప్పుడు వాడి వంతు కూడా తీసుకోవాల్సింది. ఒకడు అతిగా తినడం చూస్తే వింత, కాసేపటి నవ్వు. ఒక ఊరు వంతులవారీగా వండి పంపడం చూస్తే కడుపులో చల్లటిదేదో కదులుతుంది. ఇవాళ పక్కింటి వంతు, మన ఇల్లు ఇంకా నాలుగిళ్ళ అవతల ఉంది, అని లెక్కపెట్టుకునే మనుషుల ముఖాల్లో భయమూ హాస్యమూ రెండూ దొరుకుతాయి.

ఆ లెక్క తెలిసిన సినిమా ఒకటి మన పక్కనే పుట్టింది. అది హారర్ కాదు, హారర్ కామెడీ అని ఎవరూ పిలవలేదు. 2023లో వేణు యెల్దండి తీసిన ‘బలగం’. మన జిల్లావాడైన దిల్ రాజు సంస్థ నుంచే వచ్చింది. ముసలాయన చనిపోతే పిట్టకు పెడతారు. కాకి ముట్టదు. మూడో రోజు ముట్టలేదు, పదకొండో రోజు దగ్గరపడుతోంది, ఊరి పెద్దలు ఊరికి అరిష్టమంటారు. ఆ కాకికి మాట లేదు, కోర లేదు, అది చేసిందల్లా అన్నం తినకపోవడం. తెర ముందు నవ్విన మనిషే అదే సీట్లో ఏడ్చాడు. పల్లెల్లో తెరలు కట్టి ఊళ్ళకు ఊళ్ళు కలిసి చూశాయి. బకుడు తింటే భయం, కాకి తినకపోతే భయం. రెండు చోట్లా ఊరు ఒక ముద్ద చుట్టూ నిలబడి ఎదురుచూస్తోంది.

6

బోధన్‌కు వంతు అంటే ఏమిటో తెలుసు. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్ళు ఈ నేలను చెరుకు నేల చేశాయి. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. కోత కోయాలన్నా, బండి కట్టాలన్నా, గేటు ముందు నిలబడాలన్నా రైతుకు వంతు ఉండేది. ఆ బండ్ల వరుసలు చూసినవారు ఇక్కడ ఎంతోమంది ఉన్నారు. ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది.

పురాణంలో తినేవాడు ఊరిని పీడించాడు. శక్కర్‌నగర్‌లో తినే మిల్లు ఆగిపోయి ఊరు పస్తు పడింది. చెరుకు వేసిన రైతు దూరపు మిల్లులు వెతుక్కున్నాడు, కొందరు చెరుకే మానుకున్నారు, కార్మికులు జీతాల కోసం ఏళ్ళ తరబడి తిరిగారు. బకుడు చచ్చిపోయాక ఏకచక్రపురం ఏమైందో వ్యాసుడు ఎక్కువ చెప్పలేదు. భీముడు శవాన్ని ఊరి వాకిలి దగ్గర పడేసి వచ్చాడు, జనం వచ్చి చూశారు, పండగ చేసుకున్నారు. ఆ మర్నాటి సంగతి రాయవలసింది బోధన్ పిల్లలే. ఇంకా బండి కడుతున్న ఊరు, తినడానికి రాని రాక్షసుడు, నా వంతు ఏమైందని గేటు దగ్గర అడుగుతున్న రైతు. ఇందులో భయం ఎంత, నవ్వు ఎంత అన్నది మీరు తేల్చుకోండి. సరుకు మాత్రం అంతా ఇక్కడే ఉంది.

మనుషులూ ఇక్కడే ఉన్నారు. ముందు వరుసలో కూర్చున్న ఈ చిందు కళాకారులకు రాక్షస వేషం కట్టడం తెలుసు, తెర వెనకనుంచి కేకతో ఊరిని లేపడం తెలుసు, ఆ వెంటనే నవ్వించడమూ తెలుసు. ఎల్లమ్మ గారి పేరు మీద ఏటా శాలువాలు కప్పుతున్నాం. ఈసారి ఒక కథ పట్టుకొని వీళ్ళ ఇళ్ళకు పోండి, పాత్రలు అడగండి, తగిన పారితోషికం ఇవ్వండి. జూనియర్ ఆర్టిస్టులుగా గుంపులో నిలబెట్టకండి.

రాయడానికి కూర్చునే విద్యార్థులు మొదట రాక్షసుడి బొమ్మ గీయవద్దు. ఒక కాగితం మీద వాడి నియమాలు రాయండి. ఏ రాత్రి వస్తాడు, ఏం అడుగుతాడు, ఎవరి వంతు, తప్పితే ఏమవుతుంది. నాలుగో ప్రశ్నకు మీ అమ్మమ్మ చెప్పే జవాబు ఒకటి ఉంటుంది, మీ నాన్న చెప్పే జవాబు ఇంకొకటి ఉంటుంది. ఆ రెండూ కాగితం మీదికి వచ్చాక కెమెరా అద్దె సంగతి ఆలోచించవచ్చు.